ఐదు మెట్ల నీళ్ళు

బింగ్లీలో కాలువ మెట్లెక్కుతుంది.
ఐదు అరలు, అర మీద అర.
పడవ వచ్చి అడుగు అరలో నిలబడితే
వెనక తలుపులు మూసేదాకా
ముందువి తెరవరు.
"రెండూ ఒక్కసారి తెరిచామో
పైనున్న నీళ్ళన్నీ మా అమ్మ వంటింట్లోనే" అంటాడు
లాకు కాపలాదారు క్లిఫర్డ్ హెయిన్స్‌వర్త్,
థర్మాస్ మూతలో నాకూ కాస్త టీ పోసి.

నా పనీ లాకుల మీదే అని చెప్పాను.
లీడ్స్‌లో, మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో.
వెడల్పెంత అన్నాడు.
తల వెంట్రుకని అడ్డంగా లక్ష చీలికలు చేస్తే
అందులో ఒక్క చీలికంత.
నవ్వి, బిస్కెట్ ముంచుకున్నాడు.

కణం చుట్టూ ఉన్నది నూనె గోడ.
నూనెలో ఉప్పు కరగదని
పోపు పెట్టే ఎవరినడిగినా చెబుతారు.
ప్రాణవాయువు మాత్రం పొరుగింటి పిల్లిలా
అడక్కుండా దూరి వచ్చేస్తుంది.
నీళ్ళకి వేరే సందు, ఒక బొట్టు వెనక ఒక బొట్టు కూడా కాదు,
ఒక అణువు వెనక ఒక అణువు.
చక్కెర తలుపు అచ్చం క్లిఫర్డ్ లాకే:
లోపలికి తెరిచిందంటే బయటికి మూసినట్టే.
గుమ్మంలో ఒక గుమాస్తా,
మూడు సోడియాలు బయటికి, రెండు పొటాషియాలు లోపలికి,
ప్రతి బేరానికీ ఒక నాణెం.
మనం తిన్న ముద్దల్లో కొన్ని
వాడి పద్దుకే పోతాయి, నిద్రలో కూడా.

సరుకు మరీ పెద్దదైతే ఏ తలుపూ చాలదు.
అప్పుడు గోడే వంగుతుంది,
గుంటపడి, సంచీ అయి, మూతి ముడుచుకుని
చుట్టంతో పాటు ఇంటి గోడ ముక్కా
లోపలికి ఊడి వస్తుంది.
ఆ మూటనెత్తుకుని
తలకాయ లేని రెండు కాళ్ళ కూలీ
దారం మీద నడుస్తాడు.
ఇది నేను చూశాను.
చూసిన రాత్రి బస్సు దిగాల్సిన చోట దిగలేదు.

ఈ వారం నా పళ్ళెంలో ఉన్నవి
కీలీ ఊరి పిల్లాడి ముక్కులోంచి
చిన్న బ్రష్‌తో తీసిన కణాలు.
పేరు చెప్పరు. చీటీ మీద నాలుగు వందల పదిహేడు.
వాడి తలుపు గోడలోనే ఉంది, తెరుచుకోదంతే.
ఉప్పు కదలదు, ఉప్పు వెంట నడిచే నీళ్ళూ కదలవు,
ఊపిరితిత్తుల్లో జిగురు.
అలాంటి పిల్లల్ని ముద్దు పెట్టుకుంటే
నుదురు ఉప్పగా ఉంటుందట.

గాజు గొట్టం మొన కణానికి ఆనించి
నోటితో చిన్నగా పీల్చాను,
పసిబిడ్డ పాలు తాగినంత మెల్లగా.
పట్టుకుంది.
తెర మీద గీత, చదునుగా.
మందు చుక్క వేశాను.
చదునుగానే.
వేలి గోరు కొరికి, మళ్ళీ చూస్తే
గీత ఒక మెట్టు దిగి ఉంది.
ఎక్కింది. దిగింది.
ఒక్కటే తలుపు, ఎక్కువ సేపేం కాదు,
మూడో నిమిషంలో గొట్టం ఊడి అంతా గోల.
నోట్‌బుక్‌లో "తెరుచుకుంది" అని రాసి
దాని కింద ఏం రాయాలో తెలీక తేదీ మళ్ళీ రాశాను.

ఆదివారం క్లిఫర్డ్ అడిగాడు,
"నీ లాకులోంచి ఏం వెళ్ళింది ఈ వారం?"
"ఉప్పు."
"అంతేనా?" అని తలుపు దూలం చూపించాడు.
చేతులతో కాదు, వీపుతో తోయాలట.
తోశాను. కదల్లేదు.
"ఆగు. రెండు పక్కలా నీళ్ళు సమం కానీ."
ఆగాను. ఉన్నట్టుండి
అంత బరువూ నా వెనక నడవసాగింది.

పై పెదవి మీద చెమట.
నాలుకతో చూశాను,
కొంచెమే ఉప్పు.
మిగతాది దారిలోనే వెనక్కి తీసుకున్నాయి
నేనెన్నడూ తోయని తలుపులు.